మెట్టుగూడలో దిగిన పదో తరగతి

తార్నాక చౌరస్తాకు కొంచెం ఇవతల, యూనివర్సిటీ క్యాంపస్‌కు పోయే దారిలో ఉంది ఎంకన్న చాయ్ దుకాణం. ఆ మధ్యాహ్నం దాని షటర్ మోకాలెత్తు వరకు దించి ఉంది. బయట రోడ్డు మీద మనిషి లేడు. క్యాంపస్ వైపు నుంచి కాసేపటికోసారి ఢామ్మని చప్పుడు, దాని వెనకే పొగ. టియర్‌గ్యాస్ అంత దూరం వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఎంకన్న బకెట్‌లో నీళ్లు పెట్టి, లోపల చిక్కుకున్న వాళ్లందరి చేతా రుమాళ్లు తడిపించి ముఖాలకు కట్టించాడు.

లోపల చిక్కుకున్నది ఎంకన్న కాక ముగ్గురు. ఒకరు కాశమ్మ, క్యాంపస్‌లో లేడీస్ హాస్టల్ వంటమనిషి, లాలాపేట్‌లో ఇంటికి పోతూ ఆగిపోయింది. ఇంకొకడు చక్కెర బస్తాల పక్కన స్టూలు మీద కూర్చున్న బక్కపలచని మనిషి. కళ్ల కింది దాకా రుమాలు కట్టుకున్నాడు, వచ్చినప్పటి నుంచి నోరు విప్పలేదు. మూడోవాడు నాగేంద్ర. యూనివర్సిటీ ఆఫీసులో టైపిస్టు, సొంతూరు ప్రొద్దుటూరు, ఇరవై ఏళ్లుగా లాలాపేట్‌లో కాపురం. సమ్మె మొదలైనప్పటి నుంచి ఆఫీసు లేదు. తన యాస విని ఎవరేమంటారో అని రోడ్డు మీద నోరు తెరవడం తగ్గించాడు. ఎంకన్న దుకాణంలో మాత్రం ఆ భయం లేదు. రోడ్డు మీద మిగిలిన మాటలన్నీ అక్కడికే తెచ్చేవాడు.

ప్రత్యేక తెలంగాణ కోసం మొదలైన సకల జనుల సమ్మెకు నెల దాటింది. బస్సుల్లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, బళ్లు తెరవలేదు.

"నా బిడ్డ రేణుక పదో తరగతి," అంది కాశమ్మ, ఎవరిని అడుగుతున్నదో తనకే తెలియనట్టు. "బడి ఎట్లాగూ లేదు, నీ ఎంబడి హాస్టల్‌కు తోలుకపో అంటున్నడు మా ఆయన. సోమారం నుంచి వంటల పెట్టుకుంటమన్నరు గూడ. ఒక్కపారి వంటల వడ్డంక మల్ల బడి మొకం సూస్తదా అది? కంప్యూటర్ల పాఠాలు ఉత్తగనే దొరుకుతయట గద. గది నిజమేనా?"

నాగేంద్ర రుమాలు గడ్డం కిందికి లాక్కున్నాడు.

"అడగాల్సిన మనిషినే అడిగినావు తల్లీ. చిన్న పని. నేనేం గొప్ప చెప్పుకోను. పోయిన నెల మా హారిక ఏడ్చుకుంటా కూర్చునింది. అదీ పదే. ప్రొద్దుటూరులో మా తమ్ముని కూతురు శ్రేఢులు కూడా అయిపోగొట్టింది నాన్నా, నేనింకా ప్రమేయాల కాడే ఉండా అని. అక్కడ బళ్లు నడుస్తాన్నాయి, ఇక్కడ లేవు, పరీక్ష చూస్తే ఇద్దరికీ ఒకటే. ఏడవాకు, మీ నాయన బతికే ఉన్నాడు అంటి. చొక్కా వేసుకొని బయటపడితి. తార్నాకలో నెట్ సెంటర్లు మూసినారు. లాలాపేట్‌లోనూ మూసినారు. సీతాఫల్‌మండిలో ఒకటి తీసినారు గానీ కరెంటు లేదు. మెట్టుగూడకు నడిచిపోతి. అక్కడ రైల్వే క్వార్టర్ల ఎదురుగా ఒకటి తెరిచిండె. పోయి కూర్చుంటి. అరగంట, అంతే. పదో తరగతి లెక్కలు మొత్తం, ఉచితంగా, దింపుకొని ఇంటికొస్తి. ఇంతకంటే ఏం లేదు."

"అరగంటల అయిపోయిందా?" అన్నాడు ఎంకన్న.

"ఇరవై నిమిషాలే అనుకో. మిగతా పది నిమిషాలు ఆ కౌంటర్‌లో మనిషి నా చుట్టూ తిరిగినాడు. సార్, మీరెవరు సార్, ఇంత స్పీడుగా కొట్టేవాళ్లను నేను చూళ్లేదు సార్ అని. టైపు హయ్యర్ పాసైన చెయ్యి కదా ఇది. మీట మీద వేలు పడేలోపలే అక్షరం పోయి తెర మీద నిలబడతాంది. ఆ మనిషి చేతులు కట్టుకుని నిలబడినాడు పాపం, కూర్చోమన్నా కూర్చోల్యా."

చక్కెర బస్తాల దగ్గర మనిషి కొంచెం కదిలి మళ్లీ సర్దుకున్నాడు.

"అయితే అది ఊరికే దొరికిందనుకునేరు. ఆ నెట్‌లో అంతా దొంగలు. ఉచితం అని ఇంత లావు అక్షరాల్లో రాసి పెడతారు. లోపలికి పోతే పేరు రాయమంటారు, ఊరు రాయమంటారు, ఫోన్ నంబర్ రాయమంటారు, అన్నీ రాసినాక చివర్లో బ్యాంకు కార్డు నంబర్ అడుగుతారు. ఉచితానికి కార్డెందుకప్పా? వేరేవాడైతే లేచొచ్చేవాడు. నేనేం చేసినానో తెలుసునా? వాళ్లకు ఉత్తరం కొట్టినా. ఇంగ్లీషులో, మా రిజిస్ట్రార్‌కు కొట్టేటట్టు, మూడు పేరాలు. పిల్లల పేరు చెప్పి మోసం చేసేదానికి మీకు సిగ్గు లేదా అని. రెండు నిమిషాలు. నా కళ్ల ముందరే ఆ దుకాణం మూసుకున్నారు. ఒకటి కాదు. నలభై దుకాణాలు వరసగా మూతబడిపాయ."

"పెన్నుతోటి కాదు, మీటలతోటే షటర్లు దించినవన్నట్టు," అన్నాడు ఎంకన్న, తన షటర్ వైపు చూసి.

బయట ఎవరో పరుగెత్తుకు పోయారు. ఒకరు కాదు, చాలామంది. చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చి, దుకాణం ముందు నుంచి పోయి, లాలాపేట్ వైపు తగ్గిపోయింది. ఒక రాయి షటర్‌కు తగిలింది. కాశమ్మ ఉలిక్కిపడి చీర కొంగు గుప్పెట్లో పట్టుకుంది. ఎంకన్న స్టవ్ మంట తగ్గించాడు.

నాగేంద్ర గొంతు ఒకసారి సవరించుకున్నాడు. రెండు చేతులూ తొడల కింద దాచుకుని, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? దొంగలు పోయినారు, దొరలు మిగిలినారు. దొరల పాఠాలు దొరికినాయి. అన్నీ అమెరికా పిల్లలవి. యాపిల్ కాయలు లెక్కపెట్టేవి, బాతులకు రంగులేసేవి. మా పిల్లకు బాతులెందుకు? తెలుగులో కావాలని కొడితి. వచ్చినాయి. కానీ ఎట్లొచ్చినాయి? డబ్బాలు. అక్షరం ఉండాల్సిన చోట డబ్బా, డబ్బా పక్కన డబ్బా, పేజీ నిండా డబ్బాలు. ఆ కంప్యూటర్‌కు తెలుగు రాదంట. కౌంటర్ మనిషి తలకాయ పట్టుకున్నాడు. సార్, ఇది మనవల్ల కాదు సార్ అన్నాడు. ఉండప్పా అంటి. డబ్బాను తేరిపార చూస్తి. డబ్బాలన్నీ ఒక్క తీరుగా ఉంటాయనుకుంటారు మీరు, ఉండవు. కొన్నిటికి అంచు మందం, కొన్నిటికి పలచన. మందం ఉండేది దీర్ఘం, పలచనుండేది హ్రస్వం. పట్టేసినా. పది నిమిషాల్లో ఆ డబ్బాల భాష నాకు తెలుగు చదివినట్టు వచ్చేసింది. చదువుకుంటా పోతి, టైపు కొట్టుకుంటా పోతి. మాత్రికల పాఠం దగ్గర రాసినాయన ఒక తప్పు కూడా చేసినాడు, సరిదిద్ది పెట్టినా."

"అయ్యా," అంది కాశమ్మ. ఆమె నవ్వలేదు. "అయితె ఇప్పుడు అందరికి కండ్లకు అగుపడుతయా, తెలుగులనే?"

"నేను ముట్టుకున్నాక కనపడకేం చేస్తాయి తల్లీ. విను. అప్పుడు కరెంటు పాయ. సగం దిగినాయి, సగం సముద్రం అడుగున తీగల్లో ఇరుక్కున్నాయి. పాఠాలు నీళ్లలో నాన్తే పనికొస్తాయా? బయటికొచ్చి చూస్తి. సమ్మె కదా, ఆటోలన్నీ వరసగా నిలబెట్టి డ్రైవర్లు పేకాడుకుంటాన్నారు. అన్నా, పదో తరగతి పిల్లల పని అంటి. పేక ముక్కలు పడేసి లేచినారు. ఒక ఆటో బ్యాటరీకి ఇంకో ఆటో బ్యాటరీ కలిపినాము. మెట్టుగూడ నుంచి ఆలుగడ్డ బావి దాకా, రెండు వందల పద్నాలుగు ఆటోలు. స్టార్ట్ చెయ్యండి అంటి. కంప్యూటర్ అట్లా వెలిగింది, చూడు, దాని వెలుగుకు రైల్వే స్టేషన్లో సిగ్నల్ అనుకుని గూడ్సు బండి ఆగిపాయ."

"రైళ్లు ఎప్పుడో బందువెట్టిన్రు గద సారు," అన్నాడు ఎంకన్న.

"అందుకే కదప్పా ఆశ్చర్యం. ఆగిపోయున్న బండే మళ్లీ ఆగింది."

కాశమ్మ ముఖంలో ఒక్క క్షణం నవ్వు వచ్చి పోయింది. అదే సమయానికి బూట్ల చప్పుడు వినిపించింది. ఈసారి పరుగు కాదు. నడక. షటర్ కింద సందులో నాలుగైదు జతల బూట్లు కనిపించాయి, ఆగాయి. లాఠీతో ఎవరో షటర్ మీద రెండుసార్లు కొట్టారు.

"ఎవరున్నరు లోపట?"

"చాయ్ దుకాణమోల్లం సార్," అన్నాడు ఎంకన్న. "నలుగురం ఉన్నం. ఆడమనిషి గూడ ఉన్నది."

"స్టూడెంట్లెవరన్న ఉన్నరా?"

"లేరు సార్. అందరం పెద్దోల్లమే."

"బయటికి రాకున్రి."

బూట్లు అక్కడే నిలబడ్డాయి. నాగేంద్ర నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. పెదవులు బిగించుకున్నాడు. చాలాసేపటికి బూట్లు ఒకటొకటిగా ముందుకు కదిలాయి. ఎంకన్న వంగి సందులోంచి చూసి, పోయిన్రు అని తల ఊపాడు.

నాగేంద్ర మాట్లాడినప్పుడు అది దాదాపు గుసగుస. కానీ కథ మాత్రం అంతకుముందు కంటే వేగంగా వచ్చింది, ఆగితే ఏదో అయిపోతుందన్నట్టు.

"వీళ్లా? వీళ్లు నాకు తెలీదా? విను. పాఠాలన్నీ వేలంత పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, మెట్టుగూడ నుంచి క్యాంపస్ మీదుగా ఇంటికి వస్తాన్నా. ఆర్ట్స్ కాలేజీ ముందర ఇటు పిల్లలు వెయ్యిమంది, అటు పోలీసులు వెయ్యిమంది. ఇటు చేతుల్లో రాళ్లు, అటు చేతుల్లో లాఠీలు. మధ్యలో నేను. వెనక్కి పోయేదానికి లేదు, ముందుకు పోయేదానికి లేదు. చెయ్యెత్తినా. పెన్‌డ్రైవ్ పైకెత్తి, పదో తరగతి లెక్కలు ఉచితం అని ఒక్క కేక వేసినా. అంతా నిశ్శబ్దం. ఒక కానిస్టేబుల్ ముందుకొచ్చినాడు. సార్, మా అబ్బాయి కూడా పదే సార్, శ్రేఢులు ఉన్నాయా అన్నాడు. ఉన్నాయంటి. వాని వెనక ఇంకో నలభై మంది. అందరి ఇండ్లలోనూ పదో తరగతే. ఇటు నుంచి ఎమ్మెస్సీ పిల్లలు వచ్చినారు, మేం చెప్తాం సార్ అని. రాళ్లు కింద పెట్టినారు. బోర్డు లేదు కదా, ఏం చేసినారో తెలుసునా? పోలీసు షీల్డు తిరగేసి పట్టుకున్నారు. ఎమ్మెస్సీ పిల్లోడు చాక్‌పీసుతో షీల్డు మీద త్రికోణం గీసి చెప్తాంటే, షీల్డు పట్టుకున్న కానిస్టేబులే కొంచెం నెమ్మదిగా చెప్పు తమ్ముడూ అంటాడు. మూడు గంటలు. ఆ రోజు క్యాంపస్‌లో ఒక్క లాఠీ లేవలేదు, ఒక్క రాయి లేవలేదు. త్రికోణమితి అయిపోయేదాకా ఎవరూ ఇంటికి పోలేదు."

ఎంకన్న చాయ్ గిన్నె వైపు చూస్తూ నిలబడ్డాడు. అబద్ధమని తెలుసు. అయినా అది కాసేపు అట్లాగే ఉంటే బాగుండునని అతని ముఖం చెబుతున్నది.

"సాయంత్రానికి ఢిల్లీ నుంచి ఫోన్," అన్నాడు నాగేంద్ర. "ఎవరో చాలా పెద్దాయన, పేరు చెప్పొద్దన్నాడు. నాగేంద్రా, సమ్మె సంగతి మేం చూసుకుంటాం, పరీక్ష ఎప్పుడు పెట్టాలో నువ్వు చెప్పు అన్నాడు. ఆ వెంటనే అమెరికా నుంచి ఒక టీచరమ్మ. సార్, భూమ్మీదున్న నెట్టంతా మెట్టుగూడకు పోతాంది, మా పిల్లల బాతులు సగం రంగులోనే ఆగిపోయినాయి, కొంచెం వదలండి అని. సరే పాపం అని ఒక తీగ వదిలినా."

కాశమ్మ లేచింది. కొంగుముడి విప్పి, హాస్టల్ కూరగాయల చీటీ తీసి, వెనక్కి తిప్పి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. ఎంకన్న చెవి సందులోని పెన్ను అడిగి తీసుకుని చీటీ మీద పెట్టింది.

"మిగతదంత నాకెందుకు సారు. ఆ పాఠాలున్న జాగ పేరు రాసియ్యి. నా బిడ్డకు ఇస్త. ఎట్లనో అట్ల ఏడనో ఒక కాడ సూసుకుంటది. ఇయ్యాల కాయితం పట్టుకపోతె మా ఆయన నోరు మూస్త."

నాగేంద్ర పెన్ను తీసుకున్నాడు. చీటీ సరిచేసుకున్నాడు. మూడు డబ్ల్యూలు రాశాడు, చక్కగా, టైపు కొట్టినట్టు. పక్కన చుక్క పెట్టాడు. పెన్ను ఆ చుక్క మీదే ఆగిపోయింది. ఆమె వంగి చూస్తున్నది. చదవడం రాదు ఆమెకు, కానీ చెయ్యి ఆగిందని తెలుస్తున్నది.

"రాయలేడమ్మా," అన్నాడు బస్తాల దగ్గర మనిషి.

రుమాలు కిందికి లాగాడు. నాగేంద్ర ఆ ముఖం చూసి పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"నా పేరు సామేలు. మెట్టుగూడల ఆ నెట్ సెంటర్ మా అన్నది. కౌంటర్ల కూసునేది నేనే," అన్నాడు అతను. ఎగతాళి లేదు ఆ గొంతులో. "సారు వచ్చింది నిజమే. అరగంట కాదు, మూడున్నర గంటలు కూసున్నడు. కార్డు నంబర్ అడిగిన కాడ ఆగిండు, నిజం. డబ్బాలు వచ్చింది గూడ నిజం. చానసేపు ఆ డబ్బాలనే చూసిండు. నేను పోయి, సార్ మా కంప్యూటర్ల తెలుగు లేదు అని చెప్పిన. మంచిదప్పా అన్నడు. కరెంటు పోయింది. చీకట్ల అట్లనే కూసున్నడు. నేను కొవ్వొత్తి తెచ్చేసరికి సారు ఏడుస్తున్నడు. మా పాపకు తెస్తానని చెప్పొచ్చినా, ఇప్పుడేం మొకం పెట్టుకొని పోవాల అన్నడు. నాకు కాదు, తనకు తనే అనుకున్నడు."

షటర్ అవతల గాలికి ఏదో కాగితం కొట్టుకుంటున్న చప్పుడు. నాగేంద్ర ఎవరి వైపూ చూడలేదు.

"దొరకలేదు," అన్నాడు. "ఒక్క పేజీ దొరకలేదు కాశమ్మా. ఇంటికి పోయి, దొరికినాయి, ప్రింటు తీసేదానికి కరెంటు లేదు అని చెప్పినా పిల్లకు. రోజూ అదే చెప్తాన్నా. రోజూ కొంచెం పెద్దది చేసి చెప్తాన్నా. మా ఇంటామె సరోజమ్మకు అర్థమైంది. ఏమీ అనదు."

కాశమ్మ చీటీ తీసుకుంది. మూడు డబ్ల్యూల వైపు చూసి మడతపెట్టింది. కోపం రాలేదామెకు. వస్తే బాగుండునన్నట్టు కూర్చున్నాడు నాగేంద్ర.

"సారు మల్ల వస్తడని చూసిన," అన్నాడు సామేలు. "రాలే. మీరు పోయినంక నాలుగొద్దులకు మా అన్న బిడ్డ వెతికింది. ఎవరో టీచర్ అట, లెక్కల పుస్తకంల ఒక్కొక్క లెక్క చేత్తోని చేసి, ఆ కాయితాలు ఫోటోలు తీసి నెట్ల పెట్టిండు. ఫోటోలు గద, డబ్బాలు రావు. ఉత్తగనే ఇస్తున్నడు, పేరు గూడ అడగడు. అన్నీ దింపి ఉంచిన. మీరు ఏడ ఉంటరో తెల్వక ఆగిన. కరెంటు ఉన్నప్పుడు వస్తె తీసిస్త, ఈమెకు గూడ."

నాగేంద్ర తలెత్తి అతని వైపు చూశాడు.

"ఫోటోలు తెచ్చుకుంట గని," అంది కాశమ్మ, "చెప్పెటోల్లు లేకుంట దానికి ఏం సమజైతది? మా ఇంట్ల అచ్చరం ముక్క వచ్చినోల్లు లేరు."

"నేను చెప్తా," అన్నాడు నాగేంద్ర. గొంతు మెల్లగా ఉంది. "బీయెస్సీ మ్యాథ్స్ చదివినా. ఇది అబద్ధం కాదు, సర్టిఫికెట్ చూపిస్తా. ఉద్యోగం దొరక్క టైపు నేర్చుకున్నా గానీ లెక్కలు మరిచిపోలేదు. సోమవారం నుంచి మా ఇంటికి పంపు. హారికతో పాటు కూర్చుంటది. నీళ్ల ట్యాంకు ఎదురు సందు, మేడ మీద."

కాశమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "లెక్కలల్ల గూడ గిట్లనే చెప్తవా సారు?"

"లెక్కల్లో కుదరదు తల్లీ. పుస్తకం వెనక జవాబులు ఉంటాయి. తప్పు చెప్తే నీ బిడ్డే పట్టుకుంటది."

ఎంకన్న నలుగురికీ చాయ్ పోశాడు. బయట ఒక ఆటో పోయింది, దాని వెనక ఒక స్కూటర్. ఎంకన్న షటర్ నడుమెత్తు దాకా లేపి, తల బయట పెట్టి అటూ ఇటూ చూశాడు. పొగ పల్చబడింది. కళ్లు మండుతున్నాయి గానీ నడవొచ్చు.

కాశమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. "సోమారం తోలుతా. మా ఆయనకు ఏం చెప్పాల?"

చాయ్ వేడికో, ఇంకెందుకో, నాగేంద్ర ముఖంలోకి రంగు వచ్చింది. వీపు నిటారైంది.

"ఏం చెప్పాలా? నాగేంద్ర సారు చెప్తాన్నాడని చెప్పు. మార్చిలో చూడు, రాష్ట్రంలో ఫస్టు ర్యాంకు ఎవరిదని పేపరోళ్లు మీ లాలాపేట్ సందులో కెమెరాలతో నిలబడతారు, హైదరాబాదే కాదు, ఢిల్లీ నుంచి..."

"పాసైతె సాలు సారు," అంది కాశమ్మ, షటర్ కింద నుంచి వంగి రోడ్డు మీదికి దిగుతూ.